రంగు పట్టలేదు

1965 మే నెలలో గాలిదుమారానికి స్తంభాలు కూలి మహబూబ్‌నగర్‌లో మూడు రోజులు కరెంటు లేదు. ఊరి చివర పశువైద్య పరిశోధనశాలలో, గొర్రెల మశూచికి వేసే టీకా మందును దాచే చల్లగది ఒకటి ఉండేది. మొదటి రోజు సాయంత్రానికే దాని గోడలు చెమర్చాయి. ఐసు దిమ్మల కోసం జడ్చర్లకు జీపు పంపితే, అక్కడి ఐసు ఫ్యాక్టరీ కూడా మూతపడిందని డ్రైవరు ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. నాలుగో రోజు పొద్దున కరెంటు వచ్చి తలుపు తీసేసరికి లోపలి థర్మామీటరులో పాదరసం ముప్పై ఐదు దగ్గర నిలబడి ఉంది.

ఆ గదిలో ఉన్నదంతా పదిహేడో బ్యాచి. నలభై వేల గొర్రెలకు సరిపోయే మందు. వానలు పడేలోపు జిల్లా అంతా టీకాలు వేస్తామని అప్పటికే పేపర్లో ప్రకటన వచ్చేసింది.

ఆ మందు ఇంకా పనిచేస్తుందో లేదో చూసి చెప్పగలిగిన మనిషి ఆ ఆఫీసులో ఒక్కడే. లక్ష్మీనర్సయ్య అనే టెక్నీషియను. ముప్పై ఏళ్లుంటాయి. నల్లగొండ జిల్లా పుట్టపాకలో, నూలుకు రంగు వేసే ఇంట్లో పుట్టాడు. తండ్రి ధర్మయ్య నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరేసి, ఎర్రరంగు పట్టించేవాడు. ఎన్ని ఉతుకులకైనా ఆ ఎరుపు దిగేది కాదు. లక్ష్మీనర్సయ్య మెట్రిక్ పాసై కూడా వేరే దారి లేక గుంతమగ్గంలో కూర్చున్నాడు. అదే ఊరి, అదే పద్మశాలి కులపు డాక్టర్ రామచంద్రయ్య ఒకసారి సెలవులకు వచ్చి అతన్ని చూశాడు. ఆ చుట్టుపక్కల నేతపని వాళ్లలో పశువుల డాక్టరు చదివిన మొదటి మనిషి ఆయన. ఈ పరిశోధనశాలకు అధికారి కూడా ఆయనే.

“నీ చేతులల్ల ఓపిక ఉన్నది నర్సయ్యా. నాతోని రా” అని వెంటబెట్టుకుని పోయాడు.

అది ఏడేళ్ల కిందటి మాట. రెండేళ్ల కిందట ఏదో దేశంవాళ్లు దానంగా ఇచ్చిన పెద్ద సూక్ష్మదర్శిని ఒకటి, దానికి పాదరసపు దీపం ఒకటి ఆ ఆఫీసుకు వచ్చాయి. వాటితో రామచంద్రయ్య కొత్త పని మొదలుపెట్టాడు. గొర్రె ముందరికాలి చర్మం కింద టీకా వేసి, కొన్నాళ్లు ఆగి ఆ గొర్రెను కోసి, భుజం దగ్గర ఉండే బిళ్లను తీస్తారు. ఒంట్లోకి రోగం వస్తే దానితో పోరాడే కణాలు మేల్కొనేది ఆ బిళ్లలోనే. దాన్ని గడ్డకట్టించి ఉల్లిపొరకన్నా పలుచగా కోసి గాజుపలక మీద పరుస్తారు. దాని మీద ముందు చంపిన మశూచి క్రిమిని పోస్తారు, తర్వాత రంగు తగిలించిన యాంటీబాడీని పోస్తారు. మేల్కొన్న కణం క్రిమిని పట్టుకుంటుంది, క్రిమిని యాంటీబాడీ పట్టుకుంటుంది. కడిగి, చీకటిగదిలో ఆ దీపం కింద పెడితే మేల్కొన్న కణాలు పచ్చగా వెలుగుతాయి. మేల్కొననివి నల్లగా ఉండిపోతాయి.

చెప్పడానికి ఇంతే. చేయబోతే యాంటీబాడీకి అంటకుండా మిగిలిన రంగు పలకంతా అలుక్కుపోయి ఏదీ కనిపించేది కాదు. రామచంద్రయ్య ఏడాదిపాటు పుస్తకాలు చూసి తంటాలు పడ్డాడు. చివరికి ఆ పని లక్ష్మీనర్సయ్యకు అప్పగించాడు. లక్ష్మీనర్సయ్య యాంటీబాడీని సన్నటి తోలు సంచిలో పోసి, చల్లటి ఉప్పునీళ్లలో వేలాడదీసి, నీళ్లు మార్చి మార్చి, మార్చిన నీళ్లు దీపం కింద మెరవడం మానేదాకా వదల్లేదు.

“కచ్చా రంగు పోవాలె సార్. అంటుకున్నదే నిలువాలె” అన్నాడు. మూడో నెలలో పలక మీద మొదటి పచ్చటి కణం కనబడింది. ఆ రోజు రామచంద్రయ్య అతని భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

ఆ పరీక్షలకు గొర్రెలు తెచ్చేవాడు బీరన్న. ఆత్మకూర్ దగ్గర కృష్ణ ఒడ్డు పల్లె అతనిది. కురుమ. నూట అరవై గొర్రెల మంద. గొర్రెలను తోలుకొని వచ్చినప్పుడల్లా ల్యాబు వరండాలో గొంగడి పరుచుకొని ఒకటి రెండు రోజులు ఉండిపోయేవాడు. “నా గొర్లను కోసి ఏం జూస్తరు మీరు?” అని ఒకరోజు పట్టుబడితే లక్ష్మీనర్సయ్య అతన్ని చీకటిగదిలోకి తీసుకుపోయి చూపించాడు. బీరన్న ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి చూశాడు.

“గీ పచ్చగున్నయేంది?”

“సూది ఏస్తే లేసి కూసున్న కణాలు. ఇవి ఉన్న గొర్రెకు అమ్మతల్లి రాదు.”

“లేకపోతే?”

“లేకపోతే వస్తది.”

బీరన్నకు అది బాగా నాటుకుంది. అప్పటిదాకా టీకా వేస్తే ఈడుస్తాయని, కడుపులు పోతాయని గొర్రెలను దాచుకునే కురుమలకు ఊరూరా ఈ సంగతే చెప్పాడు. “నేను నా కండ్లతోని జూసొచ్చిన” అనేవాడు.

కరెంటు వచ్చిన మర్నాడే లక్ష్మీనర్సయ్య పరీక్షకు కూర్చున్నాడు. పదహారో బ్యాచి మందు కొంచెం, కిరోసిన్‌తో నడిచే చిన్న ఫ్రిజ్‌లో ఉండబట్టి చెడిపోకుండా మిగిలింది. రెండు గొర్రెలకు ఆ మందు వేశాడు. మూడు గొర్రెలకు పదిహేడోది వేశాడు. రోజులు గడిచాక అయిదింటి బిళ్లలూ తీసి, ఒకే రోజు, ఒకే సీసాలోని రంగుతో పలకలు సిద్ధం చేశాడు.

పదహారో బ్యాచి పలక నిండా పచ్చగా వెలిగింది. పదిహేడో బ్యాచి వేసిన మొదటి గొర్రె పలక నల్లగా ఉంది. దాన్ని ఆ మూల నుంచి ఈ మూల దాకా జరుపుతూ పోతే రెండే రెండు కణాలు దొరికాయి. మిగతా రెండు గొర్రెల్లో అవి కూడా లేవు. నమ్మకం కుదరక మళ్లీ కొత్తగా కోసి, మళ్లీ రంగు వేసి చూశాడు. తేడా లేదు.

రామచంద్రయ్యను పిలిచాడు. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి పలకలన్నీ ఒక్కొక్కటే చూశాడు. రెండు పలకలకు ఫోటోలు తీశాడు. దీపం ఆర్పి, నల్ల తెర జరపకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

“రంగు మంచిగనే పట్టిందా?”

“పట్టింది సార్. పదహారు మెరుస్తాంది గద. అదే రంగు, అదే నీళ్లు. పదిహేడుల మందే సచ్చిపోయింది.”

“గట్ల అనకు.” చీకట్లో ఆయన గొంతు సన్నగా వినబడింది. “జనరేటర్ కావాల్నని మూడు మాట్ల రాసిన నేను. ఒక్కదానికి జవాబు రాలె. ఇప్పుడు చల్లగది ఎందుకు వేడైందని అడిగితే జవాబు చెప్పేది ఎవడు? నేనే.”

“నలభై వేల గొర్లు సార్.”

“రూలు బుక్కుల రెండే పరీక్షలున్నయి. మందుల వేరే క్రిమి ఉండొద్దు. ఏసిన గొర్రె సావొద్దు. రెండిట్ల పాసైంది. గీ మెరుపుల పరీక్ష ఇంకా మనం నేర్చుకుంటున్నది. దీన్ని ఎవ్వలు ఒప్పుకుంటలేరు. దీన్ని చూపెట్టి మందు ఆపమంటే హైదరాబాద్‌ల నవ్వుతరు.”

“మరి రిజిస్టర్ల ఏం రాయాలె?”

రామచంద్రయ్య లేచి తెర జరిపాడు. వెలుతురుకు ఇద్దరి కళ్లూ మూసుకున్నాయి.

“రంగు పట్టలేదని రాయి.”

పుట్టపాకలో ఆ మాట తిట్టుతో సమానం. ఎవరి నూలుకైనా రంగు పట్టలేదని పేరొస్తే, ఆ ఇంటి నూలును బజారులో ఎవరూ ముట్టేవాళ్లు కాదు. లక్ష్మీనర్సయ్య రిజిస్టరు తెరిచాడు. అతని ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితాలు రామచంద్రయ్య టేబులు మీదే ఉన్నాయి. ఆయన వాటి ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే కోపమైనా వచ్చేదేమో. కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డ ఆ మనిషి వీపు చూస్తే, మగ్గం గుంతలో ఉన్న తనను చెయ్యిపట్టి లేపిన రోజు గుర్తొచ్చింది. పెన్ను తీశాడు. ‘పదిహేడో బ్యాచి: రంగు పట్టలేదు. పని చేసినవారి లోపం. ఫలితం చెల్లదు’ అని రాసి కింద సంతకం పెట్టాడు. ‘పని చేసినవారి లోపం’ అన్న మాట ఆయన చెప్పలేదు. రిజిస్టరులో కారణం అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంచకూడదని తనే రాశాడు.

ఇంటికొచ్చి భార్య ఉప్పలమ్మకు చెప్పాడు.

“నిన్ను మనిషిని చేసినాయన. ఆయన మాట కాదంటవా? ఒక్క సంతకమే గద” అంది ఆమె. బీరన్న మందకు కూడా ఆ మందే పోతుందని లక్ష్మీనర్సయ్య ఆమెకు చెప్పలేదు.

జూన్ రెండో వారంలో టీకాల జట్టు ఆత్మకూర్ వైపు కదిలింది. మనుషులు చాలక లక్ష్మీనర్సయ్యను కూడా వెంట పంపారు. బీరన్న ఊరి బయట ఆరు మందలు వచ్చి నిలబడి ఉన్నాయి. వాటిలో నాలుగు బీరన్న మాట మీద వచ్చినవే. అతను ఒక్కో గొర్రెను కాళ్ల మధ్య ఇరికించి పట్టుకొని ముందరికాలు లేపి ఇస్తుంటే, లక్ష్మీనర్సయ్య ఐసు పెట్టెలోంచి సీసాలు తీసి సూదిలోకి మందు ఎక్కించి ఇచ్చాడు. ఆ మందును అంత చల్లగా కాపాడుతూ తెచ్చినందుకు బీరన్న భార్య గుర్వమ్మ ఆశ్చర్యపోయింది.

“సంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చిండ్రు” అంది.

పని అయ్యాక బీరన్న చేతులు కడుక్కుంటూ అడిగాడు. “సారూ, ఇగ అమ్మతల్లి ఫికర్ లేదు గద?”

పక్కన జట్టు వాళ్లున్నారు. మిగతా కురుమలు వింటున్నారు.

“లేదు” అన్నాడు లక్ష్మీనర్సయ్య. కొంచెం ఆగి, “అయినా జర దూరం ఉంచు బీరన్నా. రోగమున్న మందలల్ల కలుపకు” అన్నాడు.

“సూది పడ్డంక ఇంక భయమేంది!” అని నవ్వాడు బీరన్న.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దీపావళి పోయేనాటికి గడ్డి లేదు. మందలన్నీ కృష్ణ వెంట, నీళ్లున్న చోటికి దిగాయి. అక్కడికి ఎక్కడినుంచో వచ్చిన ఒక మందలో మశూచి ఉంది. టీకాలు వేయించుకోని వాళ్లు భయపడి తమ గొర్రెలను రాళ్ల గుట్టల వైపు తోలుకుపోయారు. అక్కడ సగం ఆకలితోనైనా బతికాయి. బీరన్న కదల్లేదు. అతని మాట విన్నవాళ్లూ కదల్లేదు.

ముందు పిల్లలు పోయాయి. తర్వాత పాలిచ్చే తల్లులకు పొదుగుల మీద, మూతుల మీద, తోకల కింద బొబ్బలు లేచాయి. కళ్లు పుసులు కట్టి, శ్వాస ఆడక, నిలబడ్డచోటే కూలాయి. గుర్వమ్మ పసుపూ వేపాకూ నూరి రోజంతా పూస్తూనే ఉండేది. నెల తిరిగేసరికి నూట అరవైలో ముప్పై ఒకటి మిగిలాయి. వాటినీ గుడ్డివని, బక్కవని కసాయివాళ్లు తోలుకుపోయారు.

బీరన్న జనవరిలో ల్యాబుకు వచ్చాడు. వెంట గొర్రెలు లేవు. లక్ష్మీనర్సయ్య వరండాలోకి వచ్చేదాకా మెట్టు మీద కూర్చున్నాడు.

“సారూ, ఒక్కటే అడుగుత. ఆ మందు ఏసిన గొర్రె బిళ్లను నువ్వు అద్దంల జూసినవా?”

“జూసిన.”

“పచ్చగున్నయా?”

లక్ష్మీనర్సయ్య తల అడ్డంగా ఊపాడు.

“ఎప్పుడు జూసినవ్?”

“మీ ఊరికి రాకముందే.”

బీరన్న అరవలేదు. తల మీది రుమాలు తీసి, మళ్లీ చుట్టుకున్నాడు. “అందరి ముంగట చెప్పకపోతివి, సరే. నీ నౌకరి నీకు. చేతులు కడుక్కుంటుంటే నా చెవుల ఒక్క మాట ఏస్తే అయిపోవు గదా సారూ. ఎవ్వలకు చెప్పకపోదును. నా మందను నేను గుట్టకు తోలుకపోదును.” లేచి రెండడుగులు వేసి ఆగాడు. “నా మాట మీద వచ్చినోళ్లయి నాలుగు మందలు. వాళ్లు నన్ను ఊర్ల నిలువనిస్తలేరు. మందు అమ్ముకొని తిన్ననంటున్నరు.”

అట్లా వెళ్లిన బీరన్న జిల్లా కచేరీలో దరఖాస్తు పెట్టాడు. ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి విచారణకు ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. లక్ష్మీనర్సయ్య ఈసారి తనంతట తనే ముందుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. చల్లగది సంగతి, అయిదు గొర్రెల సంగతి, నల్లటి పలక సంగతి.

ఆఫీసరు రిజిస్టరు తెప్పించి అతని ముందుకు తోశాడు.

“ఈ రాత నీదేనా?”

“నాదే సార్.”

“పని చేసినవారి లోపం అని నువ్వే రాశావు. అప్పుడు అబద్ధం రాశావా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నావా?”

“అప్పుడు రాసింది అబద్ధం సార్. రామచంద్రయ్య సారు రాయమన్నడు.”

రామచంద్రయ్య తల ఎత్తలేదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. “రంగు పట్టలేదని నర్సయ్యే నాతోని చెప్పిండు. కొత్త పద్ధతి గద. గిట్లాంటివి అయితుంటయి.”

“ఫోటోలు తీసిండు సార్! రెండు పలకలకు తీసిండు. అవి చూడుండ్రి” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

“ఏవి ఫోటోలు?” అని ఆఫీసరు అడిగాడు.

“ఫిల్ము పాడైంది” అన్నాడు రామచంద్రయ్య.

పలకలు తెచ్చి దీపం కింద పెడదామంటే వాటి వెలుగు ఎప్పుడో ఆరిపోయింది. ఎనిమిది నెలల తర్వాత పదహారోదీ నల్లగానే ఉంది, పదిహేడోదీ నల్లగానే ఉంది.

ఒక గంటలో విచారణ ముగిసింది. కాపరులు రోగమున్న మందలతో కలపడం మొదటి కారణం అన్నారు. పరీక్ష చేసిన టెక్నీషియను అజాగ్రత్త రెండో కారణం. చల్లగది మాట ఆ నివేదికలో ఎక్కడా లేదు. లక్ష్మీనర్సయ్యను పనిలోంచి తీసేశారు. జనరేటర్ మాత్రం ఏప్రిల్‌లో వచ్చింది. రామచంద్రయ్యకు హైదరాబాద్ బదిలీ అయింది, హోదా పెరిగింది.

లక్ష్మీనర్సయ్య పెళ్లాం పిల్లలతో పుట్టపాకకు తిరిగొచ్చాడు. వారం తర్వాత రంగు తొట్టి దగ్గర తండ్రి ధర్మయ్య ఒక్క మాట అన్నాడు. “తప్పు జేసి రంగు పట్టకుంటే వాపసు తీసుకొని మళ్ల ఏస్తం. పట్టినదాన్ని పట్టలేదని మనింట్ల ఎవ్వలు అనలేదు కొడుకా.”

1967లో పుట్టపాకకు పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల ఇంగ్లీషు వైద్యపత్రిక ఒకటి, ఒక చిన్న ఉత్తరం. ‘నర్సయ్యా, నీ కష్టం వృథాగ పోలేదు. చివర నీ పేరు వేయించిన. మీ బాపు బాగున్నడనుకుంట. రామచంద్రయ్య.’

లక్ష్మీనర్సయ్యకు వచ్చిన ఇంగ్లీషు ఆ నాలుగు పేజీలకు సరిపోయింది. వేడికి చెడిన టీకాను రోగం రాకముందే, రోజుల్లో గుర్తుపట్టడానికి ఈ రంగు పరీక్ష నూటికి నూరుపాళ్లు పనికొస్తుందని రామచంద్రయ్య రాశాడు. రుజువుగా పక్కపక్కన రెండు నలుపు తెలుపు ఫోటోలు వేశాడు. ఒకదాని నిండా తెల్లటి చుక్కలు. ఇంకొకటి నల్లగా ఉంది. కింద పదహారు, పదిహేడు అని అంకెలు కూడా ఉన్నాయి. ఆఖరు పేజీ అడుగున, రంగు తయారీలో సాయపడినందుకు కృతజ్ఞతలు అని, తన పేరు.

ఆ పత్రికను రెండు రోజులు పెట్టెలో దాచాడు. మూడో రోజు దాన్ని గుడ్డలో చుట్టుకొని నల్లగొండ వెళ్లి హాలియా బస్సెక్కాడు. బీరన్న, గుర్వమ్మ ఊరు విడిచి సాగర్ కాలువ తవ్వకానికి వచ్చారని ఆత్మకూర్ వైపు నుంచి వచ్చే నూలు బేరగాళ్లు చెప్పారు.

హాలియా దాటి రెండు మైళ్లు కాలువ గట్టు వెంట నడిచాడు. వందల మంది తట్టలతో మట్టి మోస్తున్నారు. బీరన్నను గుర్తుపట్టడానికి టైం పట్టింది. నడుము వంగింది. దుమ్ముకు కనుబొమ్మలు ఎర్రగా ఉన్నాయి. లక్ష్మీనర్సయ్యను చూసి తట్ట దించాడు. గుర్వమ్మ అక్కడే, కుండ పక్కన నీడలో కూర్చుని ఉంది.

లక్ష్మీనర్సయ్య గుడ్డ విప్పి పత్రిక తెరిచి చూపించాడు. “ఫోటోలు పాడు కాలే బీరన్నా. దాచిపెట్టిండు. మందు సచ్చిందని ఆయనే రాసిండు, సూడు. నువ్వు మందు అమ్ముకోలేదు, మీవోళ్లకు ఇది చూపెట్టొచ్చు. నేను వచ్చి చదివి చెప్త.”

బీరన్న చేతులు తొడకు తుడుచుకున్నాడు గానీ పత్రిక ముట్టుకోలేదు. ఉన్నచోటి నుంచే ఫోటోలు చూశాడు.

“గిది మన భాషల లేదు గద.”

“లేదు. ఇంగ్లీషు.”

“మరి ఎవలకోసం రాసిండు?”

లక్ష్మీనర్సయ్య గాలికి లేస్తున్న పేజీని బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు.

“మావోళ్లకు చదివి చెప్తనంటవు. నువ్వు చెప్తే నమ్ముతరా వాళ్లు?” అన్నాడు బీరన్న. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మేస్త్రీ కేక వేస్తే తట్ట ఎత్తుకొని కట్ట దిగిపోయాడు.

ఎండ నడినెత్తి మీద ఉంది. లక్ష్మీనర్సయ్య పత్రికను మళ్లీ గుడ్డలో చుట్టాడు. కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. ఎంత బీదవాళ్లయినా, ఇంటికొచ్చినవాడు పగవాడైనా, ముందు చెంబెడు నీళ్లు ఇస్తారు. గుర్వమ్మ కుండ మీది మూత సవరించి, కొంగు ముఖం మీదికి లాక్కొని, అటు తిరిగి కూర్చుంది. అతను అడగలేదు. హాలియా బస్టాండు దాకా నడిచి, అక్కడి హోటల్లో నీళ్లు తాగాడు.